ఆఫీసు ప్లాట్‌ఫామ్ మీద యాప్ రాస్తున్నారా? లైసెన్సు గురించి మనవాళ్లలో తిరుగుతున్న అపోహలు, అసలు వాస్తవాలు

నేను ఒడిశాలోని బరంపురంలో ఉంటాను. చిన్న చిన్న ఆఫీసులకి నెక్స్ట్‌క్లౌడ్ అనే ఓపెన్ సోర్స్ (ఎవరైనా కోడ్ చూసి, మార్చి, వాడుకోగల) ప్లాట్‌ఫామ్ పెట్టి, ఫైళ్లూ చాటూ క్యాలెండరూ అన్నీ వాళ్ల సొంత సర్వర్‌లోనే నడిచేలా చేసి, దాని మీద వాళ్ల పనికి తగ్గ యాప్‌లు రాసివ్వడం నా పని. ఛత్రపురం వైపు మొగలి అత్తరు తీసే భట్టీవాళ్లున్నారు, పర్లాకిమిడిలో ఒక ట్యూషన్ సెంటరు ఉంది, రాయగడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసు ఉంది. అందరికీ స్క్రీను ఒడియాలోనూ కావాలి, తెలుగులోనూ కావాలి. ఈ మధ్య మన జిల్లాల నుంచి చాలామంది పిల్లలు ఇదే పనిలోకి వస్తున్నారు, చాలా సంతోషం, కానీ లైసెన్సు, అంటే ఈ కోడ్‌ని ఎవరు ఏ షరతుల మీద వాడుకోవచ్చో చెప్పే కాగితం, దగ్గరకొచ్చేసరికి యాప్ అంతా అయిపోయాక ఆఖరి రోజున లిస్టులో ఏది కనిపిస్తే అది నొక్కేస్తున్నారు. మొదటి లైను రాయకముందే ఆలోచించాల్సిన విషయం అది. నన్ను తరచుగా అడిగేవి, నేను తరచుగా వినేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కోడ్ గిట్‌హబ్‌లో (కోడ్ పెట్టి పంచుకునే సైటులో) అందరికీ కనిపిస్తోంది కదా, అంటే ఎవరైనా వాడుకోవచ్చు.

కాదండి. లైసెన్సు ఫైలు లేదంటే హక్కులన్నీ రాసినవాళ్లవే. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని సాహిత్య రచన కిందే లెక్కేస్తుంది, అంటే కథ రాసినవాళ్లకి కథ మీద ఎంత హక్కుందో కోడ్ రాసినవాళ్లకి కోడ్ మీద అంతే. గిట్‌హబ్ నిబంధనల ప్రకారం పబ్లిక్‌గా పెట్టిన కోడ్‌ని వేరేవాళ్లు చూడొచ్చు, అక్కడికక్కడే ఫోర్క్ చేసుకోవచ్చు, అంటే తమ ఖాతాలోకి ఒక కాపీ తీసుకోవచ్చు. దాన్ని పట్టుకొచ్చి కస్టమర్ సర్వర్‌లో పెట్టేయడానికి అది అనుమతి కాదు. అలాంటి కోడ్ నచ్చితే రాసినాయనకి ఒక మెసేజ్ పెట్టి లైసెన్సు పెట్టమని మర్యాదగా అడగండి. నేనడిగినప్పుడు చాలామంది పెట్టారు, వాళ్లకి ఆ ఆలోచన రాకపోవడమే తప్ప ఇవ్వకూడదని కాదు.

అపోహ: నెక్స్ట్‌క్లౌడ్‌ది ఏజీపీఎల్ (మార్చిన కోడ్‌ని వాడేవాళ్లతో పంచుకోవాలనే) లైసెన్సు, దాని మీద యాప్ రాయిస్తే మన లెక్కలన్నీ ఇంటర్నెట్‌లో పెట్టేయాలి.

ఇది మొదట విన్నది ఒక భట్టీ పెద్దాయన నోట. "బాబూ, మా పువ్వుల లెక్కలు, ఎవడికి ఎంత అడ్వాన్సిచ్చాం, ఇవన్నీ లోకానికి చూపించీయాలంట కదా, మా అల్లుడు చెప్పాడు" అన్నారు. నేను "లేదు బాబాయ్ గారూ, లైసెన్సు కోడ్‌కి, మీ పద్దులకి కాదు. పద్దుల పుస్తకం కుట్టిన పద్ధతి చెప్పమంటారు గానీ అందులో మీరు రాసుకున్నది చూపించమనరు" అన్నాను. అప్పుడు ఆయన ఊపిరి పీల్చుకున్నారు.

అసలు సంగతి ఇది. ఏజీపీఎల్‌కి మూలమైన మామూలు జీపీఎల్ లైసెన్సులో సోర్స్ కోడ్ ఇవ్వాల్సిన బాధ్యత మనం ప్రోగ్రామ్ కాపీని వేరేవాళ్ల చేతికి ఇచ్చినప్పుడే వస్తుంది. సర్వర్ మీద నడిచే సాఫ్ట్‌వేర్‌కి కాపీ ఎవరి చేతికీ వెళ్లదు, జనం బ్రౌజర్‌లోంచి వాడుకుని వెళ్లిపోతారు, అందుకని 2007 నవంబరులో వచ్చిన ఏజీపీఎల్ మూడో వెర్షన్‌లో 13వ సెక్షన్ పెట్టారు. ప్రోగ్రామ్‌ని మీరు మార్చి నెట్‌వర్క్ మీద నడిపితే, దాన్ని అలా వాడుతున్నవాళ్లకి ఆ మార్చిన కోడ్ అందుకునే అవకాశం ఇవ్వాలి. వాడుతున్నవాళ్లకి అని గమనించండి, ఊరందరికీ అని కాదు. రేపు ఆ భట్టీకి పువ్వులు వేసే రైతులు కూడా ఫోన్‌లో లాగిన్ అయ్యి తమ లెక్క చూసుకుంటున్నారనుకోండి, వాళ్లు అడిగితే యాప్ కోడ్ ఇవ్వాలి, పక్క రైతు బాకీ ఎంతో చెప్పక్కర్లేదు. నాకైతే ఇది చాలా న్యాయంగా అనిపిస్తుంది, తన కష్టాన్ని లెక్కగట్టే యంత్రం లోపల ఏముందో అడిగే హక్కు ఆ రైతుకి ఉండాలి.

ఇక లైసెన్సు ఎంచుకోవడంలో అసలు ప్రశ్న ఏంటంటే మీ కోడ్ ఎక్కడ నడుస్తుంది అన్నది. నెక్స్ట్‌క్లౌడ్ లోపల పీహెచ్‌పీ భాషలో, దాని ఫంక్షన్లని నేరుగా పిలుస్తూ నడిచే యాప్ అయితే అది ఆ ప్లాట్‌ఫామ్‌తో కలిసిపోయినట్టే, అందుకని ఏజీపీఎల్‌తో పొసగే లైసెన్సే ఉండాలి. వాళ్ల యాప్ స్టోర్‌లో పెట్టాలంటే ఇన్ఫో ఫైలులో లైసెన్సు పేరు తప్పనిసరి, ఏజీపీఎల్, జీపీఎల్ మూడు, ఎంపీఎల్, అపాచీ, ఎంఐటీ ఇవి చెల్లుతాయి. అలా కాకుండా మీది వేరే సర్వర్‌లో నడుస్తూ వెబ్ ఏపీఐ (రెండు ప్రోగ్రామ్‌లు మాట్లాడుకునే దారి) ద్వారా మెసేజ్ పంపి జవాబు తీసుకునే బాట్, అంటే దానంతటదే పనిచేసే చిన్న ప్రోగ్రామ్ అయితే, మామూలుగా దాన్ని వేరే ప్రోగ్రామ్‌గానే చూస్తారు, అప్పుడు లైసెన్సు మీ ఇష్టం. స్లాక్, టీమ్స్ లాంటి ఆఫీసు చాట్‌ల బాట్‌లు కూడా ఈ రెండో రకమే, కాకపోతే అక్కడ ఆ కంపెనీల డెవలపర్ షరతులు విడిగా ఉంటాయి, మీ కోడ్‌కి ఏ లైసెన్సు పెట్టుకున్నా వాటి నుంచి తప్పించుకోలేరు. నా అలవాటు చెప్తాను: ప్లాట్‌ఫామ్ లోపల నడిచేదానికి ఏజీపీఎల్ మూడు లేదా ఆ తర్వాతి వెర్షన్, బయట నడిచే బాట్‌కి అపాచీ 2.0. బాట్‌ని ఎవరైనా ఏ చాట్‌కైనా మార్చుకోవచ్చు కాబట్టి అక్కడ బిగించాల్సిన అవసరం నాకు కనపడలేదు.

అపోహ: ఓపెన్ సోర్స్ అన్నాక బిల్లు వేయకూడదు.

వేయొచ్చు, శుభ్రంగా వేయొచ్చు. జీపీఎల్ కాపీని ఎంత ధరకైనా అమ్ముకోవచ్చు, కొన్నాయన దాన్ని ఇంకొకరికి ఇచ్చుకుంటే మాత్రం మీరు ఆపలేరు, అంతే తేడా. నేను సర్వర్ పెట్టినందుకు, పాత ఎక్సెల్ ఫైళ్లు ఎక్కించినందుకు, వానాకాలం మొగలి సీజన్‌లో రాత్రి పదింటికి ఫోన్ ఎత్తినందుకు డబ్బు తీసుకుంటాను. కొంతమంది భయపడి "వ్యాపారానికి వాడకూడదు" అని ఒక లైను కలుపుతారు, లేదా ఫోటోలకి పెట్టే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు తెచ్చి కోడ్‌కి పెడతారు. మొదటిది పెడితే అది ఇంక ఓపెన్ సోర్స్ కాదు, ఫలానా పనికి వాడకూడదు అనే షరతు ఆ నిర్వచనంలోనే చెల్లదు. రెండోది కోడ్‌కి వద్దని క్రియేటివ్ కామన్స్ వాళ్లే చెప్తారు.

అపోహ: ఎంఐటీ లైసెన్సులో షరతులేమీ లేవు.

ఒకటుంది, అదే అందరూ మర్చిపోతారు. కాపీరైట్ లైను, ఆ చిన్న లైసెన్సు పేరా, రెండూ కాపీతో పాటు వెళ్లాలి. జావాస్క్రిప్ట్ యాప్‌లో బండ్లర్ అనే టూల్ ఫైళ్లన్నీ కలిపి కుదించేటప్పుడు కామెంట్లు తీసేస్తుంది, వాటితో పాటు ఆ లైనూ పోతుంది, యాభై లైబ్రరీలు వాడితే యాభై మంది పేర్లూ మాయం. లైసెన్సులన్నీ ఒక ఫైలులోకి తీసే ప్లగిన్‌లు ఉన్నాయి, బిల్డ్‌లో పెట్టేస్తే ఆ పని దానంతటదే అయిపోతుంది. ఎంఐటీ కోడ్ తెచ్చి ఏజీపీఎల్ యాప్‌లో కలపొచ్చు, కలిపాక మొత్తాన్ని ఎంఐటీ అని చెప్పి ఇవ్వకూడదు. అపాచీ 2.0 కోడ్ జీపీఎల్ మూడుతో కలుస్తుంది, జీపీఎల్ రెండో వెర్షన్ మాత్రమే అని రాసినదానితో కలవదు.

ఫాంట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. నోటో తెలుగు, నోటో ఒడియా ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సులో ఉన్నాయి, యాప్‌తో కలిపి ఇవ్వొచ్చు, ఆ యాప్‌ని అమ్మొచ్చు కూడా. ఫాంట్‌ని మాత్రమే విడిగా అమ్మకూడదు, లైసెన్సు ఫైలు పక్కనే ఉండాలి.

అపోహ: నేనే టైప్ చేశాను కాబట్టి కోడ్ నాది, లైసెన్సు ఎప్పుడైనా మార్చుకుంటాను.

దీని వల్ల స్నేహాలు చెడిపోవడం చూశాను, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. ఉద్యోగంలో ఉండి ఆ పనిలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం ఏమీ లేకపోతే, కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం మొదటి హక్కుదారు యజమాని, అప్రెంటిస్‌కి కూడా అదే వర్తిస్తుంది. అంటే ఆఫీసు పనిగా రాసిన యాప్‌కి మీరు ఇష్టమొచ్చిన లైసెన్సు పెట్టలేరు, పెట్టే హక్కున్నవాళ్ల చేత రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి. ఫ్రీలాన్స్‌గా రాస్తే తిరగబడుతుంది, హక్కు మామూలుగా రాసినవాళ్లదే, కస్టమర్‌కి వెళ్లాలంటే సంతకంతో కాగితం కావాలి. ఆ కాగితంలో ఎన్నేళ్లు అని రాయకపోతే 5 ఏళ్లు అని, ఎక్కడ అని రాయకపోతే ఇండియా వరకే అని 19వ సెక్షన్ చెప్తుంది. ఒక కంపెనీకి నేను నోటిమాట మీద చేసిన పనిలో ఇవేవీ లేవు, మూడేళ్ల తర్వాత అదే యాప్ వేరే ఊళ్లో అమ్ముతున్నారని తెలిసి మాట్లాడబోతే వాళ్లూ నిజాయితీగానే తమదనుకుంటున్నారు, నేనూ నాదనుకుంటున్నాను, చూపించుకోవడానికి ఇద్దరి దగ్గరా కాగితం లేదు.

లైసెన్సు మార్చడం కూడా ఒక్కరి చేతిలో ఉండదు. గుణుపురంలో చదివే ఒక తమ్ముడు నా యాప్‌కి తేదీలు సరిచేసే కోడ్ చాలా బాగా రాసిచ్చాడు. రెండేళ్లయ్యాక ఆ భాగాన్ని బాట్‌లోకి తీసి అపాచీ కింద ఇద్దామనుకున్నాను, అతని అనుమతి కావాలి, చూస్తే మెయిల్ పనిచేయట్లేదు, ఫోన్ నంబరు మారిపోయింది. అతని లైన్లన్నీ పక్కనపెట్టి నేనే కొత్తగా రాసుకోవాల్సి వచ్చింది, వారం పట్టింది. హక్కులన్నీ నావే అయినా, ఏజీపీఎల్ కింద ఇప్పటికే తీసుకున్నవాళ్ల నుంచి ఆ పాత వెర్షన్ వెనక్కి లాక్కోలేను, ఇకపై వచ్చే వెర్షన్లకే కొత్త లైసెన్సు వర్తిస్తుంది.

ఆ తర్వాత నుంచి పని మొదలుపెట్టేముందే ఒక పేజీ రాస్తున్నాను. కోడ్ ఎవరిది, ఏ లైసెన్సు కింద ఎవరికి వెళ్తుంది, ఎన్నేళ్లు, ఏ ప్రాంతం, వేరేవాళ్లు కోడ్ పంపితే ఏ లైసెన్సు కింద పంపినట్టు. కస్టమర్ చదివే భాషలో, భట్టీవాళ్లకి తెలుగులో, ఆడిటర్ గారికి ఒడియాలో, రెండు కాపీలు తీసి ఇద్దరం సంతకం పెట్టుకుంటాం, ఆ తర్వాతే సర్వర్‌లోకి లాగిన్ అవుతాను.