వేడి గదిలో యోగా మ్యాట్: నేను రోజూ వినే అపోహలు

నేను హాట్ యోగా నేర్పుతాను. గదిలో 40 డిగ్రీల వేడి, పైగా తేమ. క్లాసు మొదలైన పావుగంటకే మోచేతుల మీంచి చెమట కారి మ్యాట్ మీద పడుతుంది. పడ్డాక అది ఎటు పోతుందో చూసుకుని మ్యాట్ కొనాలి. నన్ను సలహా అడిగేవాళ్లు మాత్రం రంగు, మందం దగ్గరే ఆగిపోతారు.

అపోహ: కొనేటప్పుడు రుద్ది చూశాను, జారలేదు. ఇక క్లాసులోనూ జారదు.

వాస్తవం: పొడి చేతికి దాదాపు ఏ మ్యాట్ అయినా పట్టు ఇస్తుంది. మామూలు పీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) మ్యాట్ చెమటను పీల్చుకోదు. తడి పైనే నిలుస్తుంది. చేతులు, కాళ్లు నేలకు ఆనించి నడుము పైకెత్తే అధోముఖ శ్వానాసనంలో అరచేతులు కొద్దికొద్దిగా ముందుకు జరిగిపోతుంటాయి. వాటిని ఆపాలని భుజాలు, మెడ బిగించేస్తారు. క్లాసయ్యాక మెడ పట్టేసిందని వచ్చేవాళ్లలో కొందరి మ్యాట్ ముట్టుకుంటే చాలు, సంగతి తెలిసిపోతుంది. రబ్బరు మీద పాలీయురేథేన్ పొర ఉన్నవి తేమను కొంత పీల్చుకుంటాయి కాబట్టి తడిలోనూ పట్టు నిలుస్తుంది. చెట్టు బెరడుతో చేసే కార్క్ మ్యాట్‌ది తిరకాసు వ్యవహారం: పొడిగా ఉంటే కాస్త జారుతుంది, తడిస్తే పట్టుకుంటుంది. అది కొన్నవాళ్లు మొదటి ఐదు నిమిషాలు తిట్టుకుంటూనే ఉంటారు. చేతులు, కాళ్లు ఆనేచోట ముందే కాసిని నీళ్లు చిలకరిస్తే సరిపోతుంది. ఏది కొన్నా, అరచెయ్యి తడిచేసుకుని నొక్కి చూశాకే కొనండి.

అపోహ: ఎంత మందంగా ఉంటే మోకాళ్లకు అంత మంచిది.

వాస్తవం: 10, 15 మిల్లీమీటర్ల ఫోమ్ మ్యాట్ మీద, ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనం వేసి చూడండి. పాదం పరుపులోకి దిగినట్టు దిగుతుంది, మడమ ఓ పక్కకు ఒరుగుతుంది. 4, 5 మిల్లీమీటర్లు చాలు. మోకాలు నొప్పెడితే అక్కడ మాత్రం ఏదైనా మడతపెట్టి వేసుకోండి.

అపోహ: పైన టవల్ పరిస్తే కింద ఏ మ్యాట్ అయినా ఒకటే.

వాస్తవం: ఇందులో సగం నిజం. మైక్రోఫైబర్ టవల్ తడిస్తే బాగా పట్టు ఇస్తుంది, పొడిగా ఉంటే అదే జారుతుంది. కింద మ్యాట్ నున్నగా ఉంటే టవల్ ముడతలు పడి కాళ్లకు అడ్డం పడుతుంది. చెమట మరీ ఎక్కువ పట్టేవాళ్లకు మాత్రం టవల్ తప్పదు, నాతో సహా.

అపోహ: సహజ రబ్బరు ఎవరికైనా మంచిదే.

వాస్తవం: సహజ రబ్బరు తయారయ్యేది లేటెక్స్ అనే రబ్బరు చెట్టు పాల నుంచే. లేటెక్స్ అలర్జీ ఉన్నవాళ్లు దాని జోలికి పోవద్దు. వేడికి వాసన కూడా ఎక్కువే.

అపోహ: చెమట పట్టిన మ్యాట్‌ను ఎండలో పడేస్తే అదే శుభ్రమవుతుంది.

వాస్తవం: నా మొదటి రబ్బరు మ్యాట్‌ను ఇలాగే పోగొట్టుకున్నాను. ప్రతి క్లాసయ్యాక ఎండలో వేసేదాన్ని. కొన్నాళ్లకు అంచులు పగిలి, చుట్టినప్పుడల్లా పొడి రాలడం మొదలైంది. ఎండకు రబ్బరు పెళుసుబారుతుంది. తడిగుడ్డతో తుడిచి, నీడలో గాలి తగిలేలా వేలాడదీయండి. తడిగా చుట్టి సంచిలో పెట్టారో, మర్నాడు వాసన మీకంటే ముందు పక్కవాళ్లకు తెలుస్తుంది. క్లాసుకు ముందు ఒంటికి లోషన్ కూడా వద్దు, ఆ జిడ్డు పట్టును చంపేస్తుంది.

ఆ పాత మ్యాట్ మధ్యభాగం మాత్రం పాడవలేదు. ముక్కలుగా కోసి క్లాసులో ఉంచాను, మోకాళ్ల కింద వేసుకోవడానికి.