ఫోన్ తాళం చెవి ఎవరి దగ్గరుండాలి: బూట్‌లోడర్ అన్‌లాక్ వెనకున్న కథ

మొన్న మా చిన్నాన్న కొడుకు పాతపట్నంలో ఒక సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనుక్కుని పర్లాకిమిడి వచ్చాడు. ఆన్ చేస్తే లోగో కింద అన్‌లాక్డ్ అని చిన్న అక్షరాలు, తెరిచిన తాళం బొమ్మ. "అన్నా, ఏ సిమ్ వేసినా పనిచేస్తాదనే కదా, మంచిదే కదా" అన్నాడు. సిమ్‌కీ దానికీ సంబంధం లేదు. అది బూట్‌లోడర్ తాళం. పవర్ బటన్ నొక్కగానే ముందు లేచే చిన్న ప్రోగ్రామే బూట్‌లోడర్, తాళం వేసుంటే కంపెనీ సంతకం ఉన్న సిస్టమ్‌నే లేపుతుంది, తాళం తీసేస్తే ఎవరు ఏ సిస్టమ్ పెట్టినా దాన్నే లేపేస్తుంది.

మా సైడ్ ఫోన్లు రూట్ చెయ్యడం, అంటే సిస్టమ్ మీద పూర్తి పెత్తనం తీసుకోవడం, మొదలైందే అక్షరాల కోసం. బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు, తొలి ఆండ్రాయిడ్ ఫోన్లలో రెండూ డబ్బాలే కనిపించేవి. ఒపేరా మినీలో లోపలి సెట్టింగ్ ఒకటి మార్చితే పేజీలో అక్షరాలు బొమ్మల్లా వచ్చేవి, అది బ్రౌజర్ వరకే. మెసేజ్ చదవాలంటే ఫోన్ రూట్ చేసి సిస్టమ్‌లోకి ఫాంట్ ఎక్కించాలి, అంత చేసినా ఒత్తులు విడిపోయి పక్కన కూర్చునేవి. సొంత భాష చదువుకోడానికి సొంత ఫోన్‌లో దొంగదారి వెతుక్కోవాల్సొచ్చింది, ఆ బాధ నేనింకా మర్చిపోలేదు.

2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ జీ1లో అయితే దారి దానంతటదే దొరికింది, కీబోర్డ్‌లో రీబూట్ అని టైప్ చేస్తే ఫోన్ నిజంగానే రీబూట్ అయిపోయే బగ్ ఉండేది, కొట్టిన ప్రతి అక్షరం వెనకాల రూట్ కమాండ్‌గా నడిచేది. 2010 జనవరిలో గూగుల్ నెక్సస్ వన్‌కి కంప్యూటర్ నుంచి కొట్టే ఒక్క ఫాస్ట్‌బూట్ కమాండ్‌తో అఫీషియల్‌గా బూట్‌లోడర్ తాళం తెరుచుకోనిచ్చింది, వారంటీ పోతుందని స్క్రీన్ మీదే చెప్పి మరీ. మిగతా కంపెనీలు బిగించేశాయి, కొన్నవాళ్లు గొడవ చేశారు, 2011 మేలో హెచ్‌టీసీ బాస్ పీటర్ చౌ ఇక బూట్‌లోడర్లు లాక్ చెయ్యం అని ప్రకటించాల్సొచ్చింది. 2013లో శాంసంగ్ తన ఫోన్లలో నాక్స్ అనే భద్రతా ఏర్పాటు తెచ్చింది, వేరే సిస్టమ్ ఎక్కిస్తే అందులో ఫ్యూజ్ కొట్టేస్తుంది, ఒకసారి కొట్టేసిందంటే మళ్లీ వెనక్కి రాదు.

అసలు మలుపు 2016. జనవరిలో షియోమీ తన ఫోన్ల బూట్‌లోడర్లకి తాళం వెయ్యడం మొదలెట్టింది. మధ్యలో అమ్మేవాళ్లు సీల్ విప్పి, చెత్త యాప్‌లు, మాల్‌వేర్ కలిపిన రోమ్ (అంటే ఫోన్‌లో ఎక్కించే మొత్తం సిస్టమ్) ఎక్కించి అమ్ముతున్నారన్నది వాళ్లు చెప్పిన కారణం, ఇది మాత్రం నిజంగా జరిగిన విషయమే. తర్వాత్తర్వాత షియోమీ అకౌంట్‌ని ఫోన్‌కి జతచేసి 168 గంటలు ఆగితేనే తాళం తీయనిచ్చేది. ఏప్రిల్‌లో యూపీఐ వచ్చింది. ఆగస్టులో ఆండ్రాయిడ్ 7 వచ్చి, సిస్టమ్‌ని ఎవరైనా మార్చుంటే లాక్ ఉన్న ఫోన్ బూటే అవ్వకుండా చేసింది. అక్టోబర్‌లో, ఫోన్ నమ్మదగిందా అని యాప్‌లకి చెప్పే గూగుల్ సేఫ్టీనెట్ బూట్‌లోడర్ తెరిచుందా అని కూడా చూడ్డం మొదలెట్టింది. నవంబర్‌లో నోట్ల రద్దు, డిసెంబర్‌లో జనం సొంతంగా ఎక్కించుకునే రోమ్ సయనోజెన్‌మోడ్ మూత, అది లీనియేజ్ఓఎస్‌గా బతికింది. ఇవన్నీ ఒకే ఏడాదిలో. అప్పటిదాకా ఫోన్‌లో ఉన్నది పాటలు, ఫొటోలు, ఆ తర్వాత డబ్బు.

డబ్బు వచ్చాక లెక్క మారిపోయింది. తాళం తీస్తే డేటా మొత్తం ఎందుకు పోతుందని చాలామంది తిట్టుకుంటారు, కానీ అది మన మంచికే, లేకపోతే ఫోన్ దొంగ తాళం తీసి తనకి కావాల్సిన సిస్టమ్ ఎక్కించి మన ఫొటోలు తీసేసుకుంటాడు. ఒకసారి తీసి వదిలేస్తే ఇంకో ప్రమాదం ఉంది. డిస్‌ప్లే మార్చమని షాపులో ఇచ్చాం అనుకోండి, పది నిమిషాల్లో బూట్ ఇమేజ్ (ఫోన్ లేచేటప్పుడు ముందు లోడయ్యే సిస్టమ్ భాగం) మార్చేసి ఇచ్చేస్తే బయటకి తేడా తెలీదు, డేటా చెరగదు, ఇంటికొచ్చి మనం కొట్టే పిన్ మాత్రం వాడికి పోతుంది. హైదరాబాద్ పనికెళ్లినవాళ్ల ఫోన్లు నలుగురి చేతులు మారి మా ఊళ్లకి వస్తాయి, అందుకే దీనికి మేం ఎక్కువ భయపడాలి.

అలాగని కంపెనీలు తాళం చెవి మొత్తంగా దాచేసుకోవడం నాకు న్యాయంగా అనిపించదు. 2018లో హువావే అన్‌లాక్ కోడ్‌లు ఇవ్వడం ఆపేసింది. 2017 రెడ్‌మీ నోట్ 4కి కంపెనీ ఆండ్రాయిడ్ 7 దగ్గరే ఆపేస్తే, తాళం తీసుకోగలిగారు కాబట్టే జనం దాన్ని కొత్త వెర్షన్లతో ఏళ్లకేళ్లు నడిపారు. అప్‌డేట్ రాని లాక్డ్ ఫోన్ కూడా సేఫ్ కాదు కదా. గూగుల్ పిక్సెల్ ఫోన్లలో ఇంకో దారుంది, తాళం తీసి, మనకి నచ్చిన సిస్టమ్ పెట్టి, దాని సంతకం కీతో మళ్లీ తాళం వేసుకోవచ్చు, గ్రాఫీన్ఓఎస్ అనే సిస్టమ్ అలాగే నడుస్తుంది. కొన్ని బ్యాంక్ యాప్‌లు దాన్నీ ఒప్పుకోవు, అయినా అన్ని ఫోన్లకీ కావాల్సింది ఈ దారే.

తమ్ముడి ఫోన్‌కి ఇండియా వెర్షన్ అఫీషియల్ రోమ్ వెతికి డౌన్‌లోడ్ చేశాం, వేరే దేశం రోమ్ మీద తాళం వేస్తే ఫోన్ మళ్లీ లేవకపోవచ్చు కాబట్టి మోడల్ నంబర్ రెండుసార్లు సరిచూశాం. కేబుల్ పెట్టి మొత్తం తుడిచేసి ఎక్కించి లాక్ చేశాం. లోగో కింద ఆ మాట పోయింది. అప్పుడు చెప్పాను వాడికి, ఇక యూపీఐ పిన్ పెట్టుకోరా అని.