ఈవీఎంల మీద వాదించుకుంటున్న పిల్లలకు

చిరంజీవులైన పిల్లలందరికీ ఆశీస్సులు.

సెలవులకు మీరంతా ఒకచోట చేరితే రాత్రి పదకొండు దాటినా డాబా మీద మాటలు ఆగవు. రాజకీయాలతో మొదలై ఫోన్లు మన మాటలు వింటున్నాయా అనే దాకా, చంద్రుడి మీద మనిషి నిజంగా కాలు పెట్టాడా అనే దాకా వెళ్తారు. అవన్నీ వింటూ కూర్చోవడం నాకు ఇష్టం. ఈవీఎంల మాట వచ్చినప్పుడు మాత్రం గొంతులు లేస్తున్నాయి. ఒకరు "అంతా మేనేజ్ చేశారు" అంటారు, ఇంకొకరు "ఓడిపోయి ఏడుస్తున్నారు" అంటారు, మర్నాడు ఇద్దరూ మాట్లాడుకోరు. బడిపంతులుగా ఉన్న రోజుల్లో నేను బ్యాలెట్ పెట్టెలతోనూ, యంత్రాలతోనూ ఎన్నికల డ్యూటీ చేశాను. అందుకే ఈ ఒక్క విషయం మీద కాస్త పెద్ద ఉత్తరమే రాస్తున్నాను.

ఈ అనుమానం ఏ ఒక్క పార్టీ సొత్తూ కాదు. 2009 లోక్‌సభ ఎన్నికల్లో ఓడాక యంత్రాలను అనుమానించింది బీజేపీ నాయకులు. 2019 పోలింగ్‌కు ముందూ, పోలింగ్ రోజునా గట్టిగా ప్రశ్నించింది చంద్రబాబు నాయుడు గారు. ఆ ఎన్నికల్లో వైసీపీకి 151 సీట్లు వచ్చాయి, తెలుగుదేశానికి 23. అయిదేళ్లు తిరిగేసరికి 2024లో వైసీపీ 11కి పడిపోయింది. అప్పుడు బ్యాలెట్ పేపర్లే కావాలన్నది జగన్‌మోహన్ రెడ్డి గారు. 2019లో యంత్రం మంచిదన్న మన వీధివాళ్లే 2024లో చెడ్డదన్నారు, చెడ్డదన్నవాళ్లు మంచిదన్నారు. మీలో కూడా అలా మారినవాళ్లు ఉన్నారు. ఎవరో నేను చెప్పను, మీకే తెలుసు.

ఇప్పుడు బూత్‌లో ఏం జరుగుతుందో చెబుతాను. మీ వాదనల్లో ఎప్పుడూ రానిది అదే.

పోలింగ్ మొదలవడానికి గంటన్నర ముందే మాక్ పోల్, అంటే యంత్రాన్ని పరీక్షించే ఉత్తుత్తి ఓటింగ్, పెడతారు. పార్టీల ఏజెంట్లు నిద్ర కళ్లతో వచ్చి కూర్చుంటారు. తక్కువలో తక్కువ యాభై ఓట్లు వేయించాలి, నోటాతో సహా ప్రతి గుర్తుకూ పడాలి. తర్వాత ఓట్లు నమోదయ్యే కంట్రోల్ యూనిట్‌లో లెక్క చూస్తారు, ఎవరికి ఓటు పడిందో చీటీ మీద అచ్చు వేసే వీవీప్యాట్ పెట్టెలో పడిన చీటీలు ఎంచుతారు, రెండూ సరిపోవాలి. సరిపోయాక ఆ ఓట్లు చెరిపేసి, యంత్రంలో సున్నా ఉందని ఏజెంట్లకు చూపిస్తారు. ఆ చీటీల వెనక మాక్ పోల్ అని ముద్ర కొట్టి, నల్ల కవర్లో పెట్టి సీలు వేస్తారు. యంత్రానికి వేసే కాగితపు సీలు మీద కూడా ఏజెంట్లు సంతకం చేస్తారు, దాని నంబరు రాసుకుంటారు. ఇంత జరిగాకే మొదటి ఓటరు లోపలికి వస్తాడు. సాయంత్రం చివరి ఓటు పడగానే క్లోజ్ బటన్ నొక్కుతాం. ఆ తర్వాత ఎవరు నొక్కినా ఓటు పడదు. మొత్తం ఎన్ని ఓట్లు పోలయ్యాయో 17సి అనే ఫారంలో రాసి, సంతకం పెట్టి, ఏజెంట్లకు తలా ఒక కాపీ ఇస్తాం. లెక్కింపు రోజున యంత్రం చూపించే మొత్తం ఆ కాపీలోని అంకెతో సరిపోవాలి.

బ్యాలెట్ రోజులే బాగుండేవని మీలో ఒకరు అన్నారు. గుంపుగా వచ్చి కాగితాలు లాక్కుని, ముద్రలు గుద్ది, పెట్టెలో కుక్కిపోయిన ఊళ్లు ఉండేవి. ఆ రోజుల్లో డ్యూటీ పడిందంటే ఇంట్లో వాళ్లకు రాత్రంతా టెన్షన్. యంత్రం వచ్చాక, గొడవ మొదలైందంటే క్లోజ్ నొక్కితే చాలు.

ఇక యంత్రం సంగతి. వీటిని తయారు చేసేది రెండే ప్రభుత్వ సంస్థలు: హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, బెంగళూరులోని బీఈఎల్. ఇంటర్నెట్, బ్లూటూత్ లాంటివి వీటికి లేవు కాబట్టి ఎక్కడో కూర్చుని ఫోన్‌తో మార్చేశారన్న మాట నిలవదు. అయితే, యంత్రాన్ని చేతికిస్తే? 2010లో హైదరాబాద్ ఇంజనీరు హరిప్రసాద్, ఇద్దరు విదేశీ నిపుణులతో కలిసి సరిగ్గా అదే చేసి చూపించారు. ఒక అసలు యంత్రాన్ని విప్పి, లోపల భాగాలు మారిస్తే ఫలితం మార్చవచ్చని రుజువు చేశారు. యంత్రం ఎక్కడినుంచి వచ్చిందని అడిగి ఆ ఏడాది ఆగస్టులో ఆయన్ను అరెస్టు చేశారు. ఆయన మీద నాకు చాలా గౌరవం. అనుమానం వస్తే ఆయన పనిలోకి దిగారు, చేసింది అందరి ముందూ పెట్టారు. ఇలాంటి ప్రశ్నలు కోర్టుల దాకా వెళ్లబట్టే 2013లో సుప్రీంకోర్టు వీవీప్యాట్ పెట్టమంది. ఓటు వేశాక అద్దం వెనక ఏడు సెకన్లు కనిపించే చీటీ అలా వచ్చింది.

మరి ఆ చీటీలన్నీ లెక్కపెట్టి యంత్రం లెక్కతో పోల్చొచ్చు కదా అన్నది మీ వాదనలో అసలు ముడి. 2019 ఎన్నికల ముందు సగం చీటీలు లెక్కించాలని చంద్రబాబు గారితో సహా 21 పార్టీల నాయకులు కోర్టుకు వెళ్తే, ఒక్కో అసెంబ్లీ నియోజకవర్గంలో అయిదు బూత్‌లవి చాలంది కోర్టు. ఏ అయిదో లాటరీ తీసి, ఏజెంట్ల ఎదుటే తేలుస్తారు. అయిదు చాలా తక్కువని మీలో కొందరికి కోపం. కాగితం, పెన్సిల్ తీసుకోండి.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటాం. గిన్నె అంతటా ఒకే సెగ తగిలితే ఆ మాట నిజం. ఆంధ్రప్రదేశ్‌లో 175 నియోజకవర్గాలు, అయిదేసి చొప్పున 875 యంత్రాలు. రాష్ట్రమంతటా నూటికి ఒక్క యంత్రం మార్చారనుకోండి. ఈ 875లో ఒక్కటి కూడా దొరక్కుండా ఉండే అవకాశం ఎంతో కట్టి చూడండి, పదివేలలో రెండు కూడా రాదు. కాబట్టి రాష్ట్రం మొత్తాన్ని యంత్రాలతో తిప్పేశారన్న మాటను నేను నమ్మను.

కానీ గిన్నెలో ఒక మూలకే సెగ తగిలితే? హోరాహోరీగా ఉన్న ఒక్క నియోజకవర్గంలో 200 బూత్‌లుంటే, అందులో పదింటిలోనే తేడా చేశారనుకోండి. లాటరీలో వచ్చిన అయిదింటిలో ఆ పదిలో ఏదీ లేకుండా పోయే అవకాశం నూటికి డెబ్బయ్ ఏడు. అంటే మీలో "అయిదు చాలవు" అన్న పిల్ల పిచ్చిది కాదు. ఆమె అడిగే ప్రశ్నకు లెక్కల్లో బలం ఉంది. అలా జరిగిందని దీన్ని బట్టి తేలదు, జరిగితే అయిదు బూత్‌ల చీటీలు లెక్కించినా పట్టుకోలేకపోవచ్చు అని మాత్రమే తేలుతుంది. ఈ రెండింటికీ మధ్య తేడా పట్టుకోలేకే మీరు రాత్రంతా అరుచుకుంటున్నారు. 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు చీటీలన్నీ లెక్కించాలన్న కోరికను తోసిపుచ్చింది. అదే తీర్పులో, రెండో మూడో స్థానంలో వచ్చిన అభ్యర్థి వారం లోపు అడిగితే, ఖర్చు కట్టించుకుని, నియోజకవర్గంలో అయిదు శాతం యంత్రాల చిప్‌లను ఇంజనీర్లు పరీక్షించాలని కూడా చెప్పింది. అడిగే దారి ఉంది. ఇంకా ఎక్కువ చీటీలు లెక్కిస్తే నష్టమేమీ లేదని నా అభిప్రాయం. ఫలితం కొన్ని గంటలు ఆలస్యమైతే కొంపలేం మునగవు.

కుట్రలే ఉండవని నేను అనడం లేదు. మన హైదరాబాద్‌లోనే 2009 జనవరి 7న సత్యం కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం మీ అమ్మానాన్నలకు బాగా గుర్తుంటుంది. పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఆయనే ఒప్పుకున్నారు. పేరున్న ఆడిటర్లు ఏళ్ల తరబడి ఆ లెక్కల మీద సంతకాలు పెట్టారు. 2015లో కోర్టు శిక్ష వేసింది. చూశారా, అక్కడ డబ్బు ఎంతో, ఏ ఖాతాలో లేదో, సంతకం ఎవరిదో అన్నీ తేలాయి. "వాళ్లు", "పైవాళ్లు" అని గాల్లో ఉండిపోలేదు.

దీని పక్కన 5జీ మాట పెట్టి చూడండి. 2021లో కరోనా రెండో అల వచ్చినప్పుడు 5జీ టవర్ల వల్లే జనం చనిపోతున్నారని ఆడియోలు తిరిగాయి. మన దేశంలో 5జీ సేవలు మొదలైంది 2022 అక్టోబర్ 1న. లేని టవర్ల రేడియేషన్ అది. తేదీ ఒక్కటి చూసుకుంటే తేలిపోయేది, అయినా చదువుకున్నవాళ్లే ఎక్కువగా పంపారు.

అందుకే ఫార్వర్డ్ చేసేటప్పుడు మీ వేలు ఆగాలని బతిమాలుతున్నాను. 2018 జూలైలో హైదరాబాద్ నుంచి కొందరు స్నేహితులు బీదర్ జిల్లాకు వెళ్లారు. దారిలో బడి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అన్న మాట వాట్సాప్‌లో వాళ్ల కారు కంటే ముందు వెళ్లింది. ముర్కి అనే ఊళ్లో దారి అడ్డగించి కొట్టారు. ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ప్రాణం పోయింది. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒకేసారి అయిదుగురికి మించి ఫార్వర్డ్ కాకుండా చేసింది. అదే ఏడాది జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా పంపి, పాటలు పాడించి, ఇవి పుకార్లని ఇంటింటికీ చెప్పించారు. ఆ పని ఎవరి ప్రాణం కాపాడిందో ఎవరికీ తెలియదు, అయినా నా దృష్టిలో అది పెద్ద పని.

మీ వాదనలు ఆపమని నేను చెప్పను. ఈసారి వాదన ముదిరితే, ఎదుటివాణ్ణి "నువ్వేం చూస్తే నీ మాట మార్చుకుంటావు?" అని అడగండి. అదే ప్రశ్నకు మీరూ జవాబు చెప్పండి. ఇద్దరి దగ్గరా జవాబు ఉంటే ఆ వస్తువేదో కలిసి వెతకండి. జవాబు లేకపోతే ఆ రాత్రికి ఆ టాపిక్ వదిలేసి క్యారమ్స్ ఆడుకోండి.

ఇంకో మాట. మీలో నలుగురికి ఓటు వచ్చింది. వచ్చే అసెంబ్లీ ఎన్నికల్లో మీకు నచ్చిన అభ్యర్థిని అడిగి పోలింగ్ ఏజెంటుగా కూర్చోండి. అభ్యర్థి గానీ, ఆయన ఎన్నికల ఏజెంటు గానీ సంతకం పెట్టిన ఫారం 10 కావాలి, ఓటరు కార్డు దగ్గర ఉంచుకోవాలి. వేర్వేరు పార్టీల తరఫున కూర్చుంటే ఇంకా మంచిది. మాక్ పోల్‌కు ఆలస్యంగా వెళ్లకండి, సాయంత్రం 17సి కాపీ చేతికి వచ్చే దాకా లేచి రాకండి.

ప్రేమతో,
మీ తాతయ్య