ఒంటికాలిపై నిలకడ: చీలమండ చేసే పని

కబడ్డీలో కూతకు వెళ్ళిన ఆటగాడికి బోనస్ పాయింటు రావాలంటే ఒక పాదం బోనస్ గీత దాటి నేలను తాకాలి, ఆ క్షణంలో వెనుక పాదం గాలిలో ఉండాలి. ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో సంక్రాంతి పోటీలు చూసేవారి కళ్ళు సహజంగా ఆ గీత మీదే ఉంటాయి. నేను మాత్రం నేలనున్న పాదం చీలమండను చూస్తాను, ఎందుకంటే ఆ క్షణంలో ఒంటి బరువంతా మోస్తున్నది అదే.

చెప్పుల్లేకుండా ఒంటికాలిపై నిలబడిన పిల్లవాడి పక్కన చతికిలబడి చూడండి. పాదం ముందు భాగంలో తాళ్ళలాంటి కండర బంధనాలు తేలుతూ, మునుగుతూ ఉంటాయి, వేళ్ళు నేలను పట్టి వదులుతుంటాయి, బరువు చిటికెన వేలి వైపు నుంచి బొటనవేలి వైపుకు, మళ్ళీ అటు వైపుకు జారుతుంటుంది. నిలకడ అని మనం పిలిచేది నిజానికి ఆగని దిద్దుబాటు.

మనిషి గరిమనాభి, అంటే ఒంటి బరువు కేంద్రం, చీలమండకు కాస్త ముందుగా పడుతుంది కనుక, ముందుకు ఒరగబోయే దేహాన్ని పిక్క కండరాలు ఎప్పటికప్పుడు వెనక్కి లాగుతుంటాయి. రెండు కాళ్ళ మీద ఉన్నప్పుడు పక్కలకు ఊగడాన్ని తుంటి కండరాలు బరువును ఈ కాలికీ ఆ కాలికీ మార్చి సర్దుతాయి. ఒంటికాలిపై ఆ వెసులుబాటు లేదు, ఆధారం పాదం వెడల్పు మేరకే ఉంటుంది. అప్పుడు భారం టేలస్ అనే ఎముకకూ మడమ ఎముకకూ మధ్యనున్న కీలు మీద పడుతుంది. కాలి లోపలి, బయటి వైపు కండరాలు అక్కడ పాదాన్ని అటూ ఇటూ వంచుతూ తూకం నిలుపుతాయి. ఊగుడు వాటి శక్తికి మించితేనే నడుము వంగి, చేతులు విసురుగా లేస్తాయి.

టేలస్‌కు ఒక్క కండరం కూడా అతుక్కుని ఉండదు. దాని పైభాగం ముందు వెడల్పుగా, వెనుక సన్నగా ఉంటుంది కాబట్టి, పాదం పైకి వంగినప్పుడు కీలు బిగుసుకుంటుంది, వేళ్ళు కిందికి చాచినప్పుడు వదులవుతుంది. ఎగిరి దిగేటప్పుడు పాదం ఈ రెండో స్థితిలోనే ఉంటుంది. అప్పుడు అరికాలు లోపలికి తిరిగిందంటే బయటి వైపు లిగమెంటు, అంటే ఎముకలను కలిపి ఉంచే పట్టీ, సాగుతుంది, లేదా తెగుతుంది. ప్రమాదాన్ని పసిగట్టి కండరం ప్రతిస్పందించేలోపే ఇదంతా జరిగిపోతుంది కనుక, పాదం నేల తాకకముందే ఆ కండరాలు బిగిసి సిద్ధంగా ఉండాలి. సాధన నేర్పేది అదే.

బెణికిన కాలు ఒంటిగా నిలబడటంలో వెనుకబడుతుందని 1965లో బ్రిటన్‌కు చెందిన ఫ్రీమన్ అనే వైద్యుడి బృందం చెప్పింది. లిగమెంట్లలోని నాడీకొసలు దెబ్బతినడమే కారణమని వారు భావించారు. తరువాత లిగమెంటుకు మత్తు ఇచ్చి చూసినప్పుడు నిలకడ పెద్దగా చెడలేదు కనుక కారణం అంత సూటిగా లేదు. అయితే ఊగే పలక మీద చేయించిన సాధన మేలు చేస్తుందన్న వారి మాట నిలిచింది. తూకం సాధన చేసిన ఆటగాళ్ళలో బెణుకులు తగ్గుతాయని తరువాతి పరిశోధనలూ చూపాయి.

మన ఇళ్ళలో చింతపండు, ఉప్పు కలిపి పట్టు వేస్తారు, వాపు తీయగానే పిల్లవాడు మళ్ళీ ఆటలో ఉంటాడు. నాకు బాధ కలిగించేది ఈ తొందరే. నొప్పి పోయినంత మాత్రాన తూకం తిరిగి రాదు. గోడకు దగ్గరగా, చెప్పుల్లేకుండా ఒంటికాలిపై నిలబెట్టి కళ్ళు మూయించండి. చూపు ఆసరా తప్పగానే భారం లోచెవి, అరికాలి చర్మం, కాలి కండరాలు పంపే కబురుపై పడుతుంది. బెణికిన కాలు రెండో కాలి కంటే ముందే తడబడితే ఆ కబురు, దానికి కండరాలిచ్చే జవాబు ఇంకా కుదురుకోలేదేమోనని అనుమానించాలి. మడమ ఎత్తకుండా మోకాలిని గోడకు ఆనించమని కూడా అడగాలి, ఎందుకంటే కీలు బిగుసుకుపోతే ఒంటికాలిపై ముందుకు వంగే దూరమూ తగ్గుతుంది.

తరువాత గట్టి నేల మీద, ఆపైన మడతపెట్టిన దుప్పటి మీద, ఆపైన బంతి విసిరి పట్టుకుంటూ నిలబెట్టాలి. చివరగా చిన్నగా ఎగిరి అదే కాలిపై దిగి, మడమ పక్కలకు జారకుండా ఆగగలిగిన రోజున కూతకు పంపవచ్చు.