మల్టిపుల్ ఎక్స్‌పోజర్‌కు చీకటి ఎందుకు కావాలి?

ఒకే ఫిల్ముపై రెండు మూడు దృశ్యాలను తీసే మల్టిపుల్ ఎక్స్‌పోజర్‌ను కొత్తగా ప్రయత్నించేవారు ఏ దృశ్యంతో ఏది కలపాలా అని ఆలోచిస్తారు గాని, చిత్రంలో ఏ భాగాన్ని చీకటిగా మిగల్చాలన్నదే ముందు తేల్చుకోవలసిన విషయం. వెలుతురు సోకి ఫిల్ములోని వెండి లవణపు కణాల్లో వచ్చిన మార్పును తర్వాతి ఎక్స్‌పోజర్ చెరపలేదు, దానికి మరికొంత చేర్చగలదు. తెల్లని ఆకాశం పడిన చోట రెండోసారి ముఖాన్ని తీస్తే అది దాదాపు కనిపించదు. నీడ పడిన చోట తీస్తే స్పష్టంగా నిలుస్తుంది.

ఈ గుణాన్ని కొలత సాధనంగా మలచినవారిలో ముఖ్యుడు ఫ్రాన్స్ శరీరధర్మ శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారే. నడిచే మనిషి కాలు ఏ క్షణాన ఎక్కడ ఉంటుందో తెలుసుకోవడానికి ఆయన 1882లో పారిస్‌లో, కదలని ఫొటో ప్లేటు (ఫిల్ము పని చేసే గాజు పలక) ముందు చీలికలున్న చక్రాన్ని తిప్పి, చీలిక ఎదురుగా వచ్చినప్పుడల్లా లిప్తపాటు వెలుతురును లోపలికి పంపారు. నడిచేవానికి తెల్లబట్టలు, వెనుక నలుపు. అయితే ఎండలో నల్లగోడ కూడా కొంత వెలుతురును తిప్పికొడుతుంది, ఆ కొంచెమే ప్రతి చీలికతోనూ పేరుకుని ప్లేటును మసకబారుస్తుంది కాబట్టి, ఆయన లోతైన షెడ్డు కట్టించి లోపల నల్ల మఖమల్ వేలాడదీయించారు.

తర్వాత మరో చిక్కు వచ్చింది. సెకనుకు తీసే చిత్రాల సంఖ్య పెంచితే తెల్లని ఆకారాలు ఒకదానిపై ఒకటి పడి కలిసిపోయాయి. అప్పుడాయన మనిషికే నల్లబట్టలు తొడిగి, చేతులు, కాళ్ల పొడవునా తెల్లని గీతలు, కీళ్ల దగ్గర చుక్కలు పెట్టించారు. ప్లేటుపై మనిషి మాయమై, తొడ గీత, పిక్క గీత మోకాలి దగ్గర వంగుతూ విసనకర్ర మడతల్లా వరుసగా విచ్చుకున్నాయి. కొలవవలసినదాన్ని మాత్రమే వెలుతురులో ఉంచి తక్కినదంతా చీకటికి వదిలిన ఈ ఆలోచన నా దృష్టిలో ఫొటోగ్రఫీ చరిత్రలోని అతి గొప్ప ఊహల్లో ఒకటి.

ఈ పద్ధతిని ఇంట్లోనూ పరీక్షించవచ్చు. చీకటి గదిలో నల్లగుడ్డ ముందు స్కేలు నిలబెట్టి, కెమెరా షట్టర్ తెరిచి ఉంచి, సెకనుకు 10 సార్లు వెలిగే స్ట్రోబ్ దీపం కింద తెల్లని బంతిని జారవిడవాలి. మూర్ఛ వ్యాధి ఉన్నవారిని ఆ గదిలో ఉంచకూడదు. బంతిని వదిలిన క్షణానే దీపం ఒకసారి వెలిగితే, అక్కడి నుంచి బంతి బొమ్మల మధ్య దూరాలు సుమారు 5, 15, 25, 34 సెంటీమీటర్లు, అంటే కిందపడే వస్తువులకు గెలీలియో చెప్పిన 1, 3, 5, 7 నిష్పత్తిలో వస్తాయి.

రెండు దృశ్యాలు ఒకేచోట కలిసేటప్పుడు ఒక్కోదానికి సగం ఎక్స్‌పోజర్ (పడనిచ్చే వెలుతురు) ఇవ్వాలి. ఇక్కడ బంతి ప్రతిసారీ కొత్త చీకటి మీద పడుతుంది కనుక తగ్గించనక్కరలేదు. విడివిడి షాట్లను డిజిటల్ కెమెరాలోనే కలిపితే, సగటు తీసే అమరికలో బంతి వెలవెలబోతుంది కనుక వెలుతురును కూడే అమరికను ఎంచుకోవాలి. దీపం వెలిగి ఉండే వ్యవధి కూడా ముఖ్యమే: ఐదో బొమ్మ దగ్గర బంతి వేగం సెకనుకు దాదాపు 4 మీటర్లు కాబట్టి, వెలుగు సెకనులో నూరో వంతు నిలిచినా బంతి 4 సెంటీమీటర్ల చారగా సాగిపోతుంది, వెయ్యో వంతయితే ఆ చార 4 మిల్లీమీటర్లకు తగ్గుతుంది.