మిగతా మూడు చక్రాలూ అలిగాయా?

చిరంజీవులు అమ్ములుకీ చిన్నాకీ తాతయ్య ఆశీస్సులు.

మీరు వెళ్లిన మర్నాడే ఇంకో వాన పడింది. చెరువుకట్ట కింద దారిలో ఇప్పుడు ట్రాక్టర్లు తప్ప ఏదీ వెళ్లడం లేదు. జీపు సపోటా చెట్టు కింద ఉంది. దాని ఒంటికి పట్టిన నల్లరేగడి ఎండి పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. మీ నాయనమ్మ రోజూ ఊడుస్తోంది, రోజూ నన్నో మాట అంటోంది.

అమ్ములూ, ఆ రోజు జీపు దిగబడినప్పుడు నువ్వో ప్రశ్న అడిగావు. “తాతయ్యా, నాలుగు చక్రాలున్నాయిగా, ఒక్కటే గిరగిరా తిరుగుతోందేం? మిగతా మూడూ అలిగాయా?” అని. అప్పుడు నా మొహం నిండా బురద, వెనకాల పాలవాడి మోపెడ్ హారన్. “ముందు దిగు” అని కసిరాను. కానీ ప్రశ్న మంచిది. జీపు నడిపే పెద్దవాళ్లలో సగం మందికి దానికి జవాబు తెలియదు. తెలిసినవాళ్లు చెబితే మనకి అర్థం కాదు. నేను చెప్పి చూస్తాను.

మూడు అలిగాయన్నావు కదా, అందులో రెండింటి అలక నా తప్పే. మన జీపులో గేరు రాడ్డు పక్కన రెండు పొట్టి లివర్లున్నాయి చూశారుగా. ఒకటి వేస్తే ముందు చక్రాలకి కూడా ఇంజను బలం అందుతుంది. రెండోది, బండి నత్తలా నడిచినా సరే బలం బాగా కావాలన్నప్పుడు వేసేది. మొదటి లివరుని నేను రెండేళ్లుగా ముట్టుకోలేదు. తారురోడ్డు మీద దాంతో పనేముందిలే అనుకున్నాను. ఆ రోజు బురదలో లాగితే కదిలితేగా!

మర్నాడు ఫ్లోరు రేకు విప్పి చూస్తే, లివర్లు ఊగే పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. దానికి గ్రీజు పెట్టడానికి చిటికెనవేలి గోరంత నిపుల్ ఒకటి ఉంటుంది. అది బురద కింద ఎప్పుడో కప్పబడిపోయింది. కిరోసిన్ పోసి రాత్రంతా నానబెట్టాను. పొద్దున చెక్కసుత్తితో అటో దెబ్బ ఇటో దెబ్బ వేసి, గ్రీజు గన్ పెట్టి నొక్కాను. ముందు గోధుమరంగు తుప్పునీళ్లు, ఆ వెనక నల్లగా గట్టిపడిన పాత గ్రీజు, చివరికి కొత్త గ్రీజు వచ్చింది. ఇప్పుడు ఆ లివరుని అమ్ములు కూడా వేయగలదు. వాడని వస్తువు కొత్తగా ఉంటుందనుకుంటాం. బండిలో వాడనిదే ముందు చెడుతుంది. అన్నట్టు చిన్నా, ఎక్కాలు ఎంతవరకొచ్చాయి?

సరే, ఇక మిగిలినవి వెనక చక్రాలు రెండు. ఒకటి తిరిగింది, ఒకటి తిరగలేదు.

మీరు ఎడ్లని చూశారు గానీ అరక కట్టడం చూసి ఉండరు. రెండు ఎడ్ల మెడల మీదా అడ్డంగా ఉండే దుంగ కాడి. దాని సరిగ్గా నడుమన అరక పొడుగు కర్రని తాడుతో కడతారు. ఎడమ పక్కది దాపటెద్దు, కుడి పక్కది వలపటెద్దు. చాలు చివరికొచ్చి అరకని ఎడమకి మళ్లించారనుకోండి. దాపటెద్దు ఉన్నచోటే చిన్న చిన్న అడుగులు వేస్తుంది. వలపటెద్దు పెద్ద చుట్టు తిరిగి గబగబా రావాలి. నడుమన ఉన్నది తాడే కాబట్టి కాడి ఓ పక్కకి వాలి రెండింటికీ సర్దుబాటు చేస్తుంది. లేకపోతే మలుపు మలుపుకీ ఎడ్ల మెడలు ఒరుసుకుపోయేవి.

జీపు వెనక చక్రాలదీ ఇదే బాధ. మలుపులో లోపలి చక్రం కొంచెం దూరం పోతే చాలు, బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. రెండింటినీ ఒకే ఇనపకడ్డీకి బిగించేస్తే టైర్లు నేలని ఈడ్చుకుంటూ పోతాయి. అందుకని మధ్యలో ఒక కాడి పెట్టారు. వెనక ఇరుసు మీద బిందె బోర్లించినట్టు ఉబ్బుగా ఉంటుంది చూడండి, అందులో ఉంది. దాని పేరు డిఫరెన్షియల్. ఒక్కో మెకానిక్కు దాన్ని ఒక్కో రకంగా పలుకుతాడు, మనకి అనవసరం. దాదాపు 200 ఏళ్ల కిందట ఫ్రాన్స్‌లో పెకర్ అనే గడియారాలు చేసే ఆయన ఆవిరిబండి కోసం దీన్ని తయారుచేశాడు. అప్పటికి పెట్రోలు కారు పుట్టనే లేదు. గడియారాలు చేసుకునేవాడికి బండిచక్రాల గోల ఎందుకు పట్టిందో గానీ, పట్టడం మన అదృష్టం.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. రెండు వైపులా సమానంగా లాగితేనే కాడి నిలుస్తుంది. దాపటెద్దు కాళ్లు జారి లాగలేకపోయిందనుకోండి. వలపటిది ఒంగోలు గిత్తే కానివ్వండి, అది ఒక్కటీ ఊపితే కాడి వాలిపోతుందే తప్ప అరక కదలదు. బలమున్న ఎద్దు కూడా బలం లేని ఎద్దు లాగినంతే లాగగలదు. జీపులో బురదలో ఉన్న ఎడమ చక్రం ఆ జారిన ఎద్దు. గట్టి గట్టు మీదున్న కుడి చక్రం మన గిత్త. బురద ఎడమదానికి ఇచ్చిన పట్టు పిసరంత. కాడి న్యాయం చొప్పున కుడిదానికీ పిసరంతే అందింది. ఆ పిసరు బలానికి టన్ను బరువున్న బండి ఎక్కడ కదులుతుంది?

చిన్నా ఈ పాటికి లేచి ఉంటాడు. “మరి జారిన ఎద్దు నిలబడిపోవాలిగా తాతయ్యా, మన జీపులో జారిన చక్రమే తెగ తిరిగింది!” అని. నిజమేరా. ఇక్కడ నా ఎడ్లు నాకే ఎదురు తిరిగాయి. రాత్రి పడుకుని ఎంత ఆలోచించినా వాటిని సర్దలేకపోయాను. ఒకటి మాత్రం చెప్పగలను. తిరగడం వేరు, లాగడం వేరు. చక్రం నేలని పట్టుకుని వెనక్కి తన్నితేనే బండి ముందుకి పోతుంది. పట్టు దొరకని చక్రం ఊరకే తిరుగుతుంది, చప్పుడు చేస్తుంది, పక్కవాళ్ల మీద బురద చిమ్ముతుంది. మన ఊళ్లో అలాంటి మనుషులు ఇద్దరు ముగ్గురున్నారు గానీ, ఉత్తరాలు ఎవరి చేతిలోనైనా పడతాయి.

మరి మనమెలా బయటపడ్డాం? మీ నాన్న చేలోంచి పత్తికట్టె తెచ్చి చక్రం కింద తొక్కాడు. దాంతో బురదకి కాస్త పట్టొచ్చింది. నేను చేసిన పని మీరు చూడలేదు. ఒక కాలు యాక్సిలేటర్ మీద పెట్టి, రెండో కాలితో బ్రేకుని మెల్లిగా, గుడ్డు మీద కాలు పెట్టినట్టు నొక్కాను. బ్రేకు ఆ తిరిగే చక్రాన్ని కొంచెం పట్టుకుంటుంది. కాడి ఏమనుకుంటుంది? ఈ పక్కన ఎద్దు లాగుతోంది కాబోలనుకుని, అవతలి చక్రానికీ అంత బలమూ పంపుతుంది. మోసమే, కానీ పనిచేస్తుంది.

ఇది నేను పుస్తకంలో నేర్చుకున్నది కాదు. మీ ముత్తాత జీపు డ్రైవరు. నాగార్జునసాగర్ కుడి కాలువకి నీళ్లు వదిలిన 1967లో నాకు పదకొండేళ్లు. ఊళ్లోకి జీపొస్తే పిల్లలందరం పెట్రోలు వాసన కోసం దాని వెనకాల పరిగెత్తేవాళ్లం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి చేసిన విల్లీస్ జీపుకి వారసురాలు అది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మహీంద్రా వాళ్లు విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించేవాళ్లు, తర్వాత ఇక్కడే చేయడం మొదలుపెట్టారు. నాన్న నడిపిందీ, ఇప్పుడు మన సపోటా చెట్టు కిందున్నదీ ఒకే రకం, సీజే త్రీ బీ. బానెట్ అంత ఎత్తుగా ఎందుకుందని అందరూ అడుగుతారు. లోపల పెట్టిన కొత్త ఇంజను పొడుగైంది, అందుకని బానెట్‌ని పైకి లేపారు. నాకైతే తలపాగా చుట్టుకున్న పెద్దమనిషిలా కనిపిస్తుంది. పెట్రోలు ఇంజను పీకేసి డీజిల్ వేయించుకోమని సలహా ఇవ్వనివాడు ఈ మండలంలో లేడు. నేను వినలేదు.

ఆ ఏడే ఒకరోజు కాలువకట్ట మీద వెనక టైరు పంక్చరైంది. కట్ట కొంచెం వాలుగా ఉంది. నాన్న హ్యాండ్ బ్రేకు వేసి, “ముందు చక్రాలకి రాళ్లు పెట్టరా” అని నాకు చెప్పి జాకీ ఎక్కించడం మొదలుపెట్టాడు. నేను కాలువలో కొత్తనీళ్లు చూస్తూ నిలబడిపోయాను. హ్యాండ్ బ్రేకు వేసుందిగా, రాళ్లెందుకని కూడా అనుకున్నాను. చక్రం నేల వదిలిందో లేదో జీపు కదిలింది. జాకీ పక్కకి ఒరిగి ధన్‌మని పడింది. నాన్న ముందే స్టెప్నీని ఇరుసు కింద తోసి పెట్టాడు కాబట్టి బండి దాని మీద కూర్చుంది. ఆయన చెయ్యి చక్రం కింద లేదు కాబట్టి నేను ఇవాళ ఈ ఉత్తరం నవ్వుతూ రాస్తున్నాను.

నాన్న కొట్టలేదు. నీళ్లు తాగి కాసేపు కూర్చున్నాడు. ఆ ఆదివారం జీపుని చదునైన చోట పెట్టి, ముందు చక్రాలకి నాలుగు రాళ్లు పెట్టించి (ఈసారి నేనే పరిగెత్తాను), వెనక ఇరుసుని రెండు పక్కలా దిమ్మల మీదికి ఎక్కించాడు. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగాడు. “ఇప్పుడు ఎడం చక్రం తిప్పు” అన్నాడు. తిరగదనుకుని తోశాను. హాయిగా తిరిగింది! అవతల కుడి చక్రం కూడా తిరిగింది, కానీ వెనక్కి. ఈ జీపులో హ్యాండ్ బ్రేకు చక్రాలని పట్టుకోదు, చక్రాలకి బలం తెచ్చే షాఫ్టుని పట్టుకుంటుంది. షాఫ్టు ఆగినా కాడి వాలగలదు కదా. ఒక చక్రం గాల్లో ఉంటే, అది వెనక్కి తిరుగుతూ నేలమీదున్నదాన్ని ముందుకి దొర్లనిస్తుంది. నాన్న ఇదంతా మాటల్లో చెప్పలేదు. “చూశావుగా” అన్నాడు, అంతే.

అందుకే మన ఇంట్లో జాకీ తీస్తే ముందు రాళ్లు వస్తాయి. జాకీ మీదున్న బండి కింద ఎవరూ దూరరు, దిమ్మలు పడేదాకా నేనైనా సరే.

బురదలో అంతసేపు మునిగింది కదా అని నేను వెనక హౌసింగ్, అదే ఆ ఇరుసు మీది బిందె, కూడా చూశాను. ప్లగ్గు విప్పి వేలు పెడితే, తేనెలా రావాల్సిన తొంభై నంబరు ఆయిలు నాయనమ్మ టీ రంగులో వచ్చింది. నీళ్లు కలిశాయన్నమాట. ఇరుసు గొట్టం మీద గాలి పోవడానికి బ్రీతర్ అని చిన్న గుల్ల ఉంటుంది. మనది మట్టితో మూసుకుపోయింది. నడిచి నడిచి వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది. గుల్లలోంచి గాలి రాకపోతే సీలు సందులోంచి నీళ్లు పీలుస్తుంది. పిన్నీసుతో గుచ్చి శుభ్రం చేయడానికి రెండు నిమిషాలు. చేయనందుకు ఒక రోజంతా పని.

నాయనమ్మ పాత ఇడ్లీ గిన్నె కింద పెట్టి, పది బోల్టులూ విప్పి పళ్లెంలో వరసగా పెట్టాను. ఆయిలంతా కారాక కవర్ తీస్తే, లోపల పెద్ద పళ్లచక్రం, దాన్ని తిప్పే చిన్న పినియన్, నడుమ మన కాడి పనిచేసే స్టార్ గేర్లు. ఎన్నిసార్లు చూసినా ఇంకోసారి చూడాలనిపిస్తుంది. అమ్ములు మర్చిపోయిన నెయిల్ పాలిష్‌తో ఒక పన్ను మీద చుక్క పెట్టి లెక్కపెట్టాను. పెద్దదానికి 43 పళ్లు, చిన్నదానికి 8. ఎనిమిదైదులు నలభై, మూడు మిగిలింది. లెక్కగా నలభై పెట్టుకోవచ్చుగా? పెడితే చిన్నదానిలోని ఒక్కో పన్నుకి ఎప్పుడూ ఆ ఐదు పళ్లే ఎదురవుతాయి. అది కాస్త వంకరదైతే ఆ ఐదే అరిగిపోతాయి. 43 అయితే నలభై మూడింటినీ పలకరించి గానీ మళ్లీ మొదటిదాని దగ్గరికి రాదు. ఎంతకాలం కిందట ఎవరికి తట్టిందో! నేను గిన్నెలో ఆయిలు చల్లారిపోయేదాకా అక్కడే కూర్చుండిపోయాను.

తర్వాత ప్యాకింగ్ షీటు మీద కవర్ పెట్టి, అంచు వెంబడి చిన్న సుత్తితో తట్టి కొత్త ప్యాకింగ్ తెంపాను. బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాను. ప్లగ్గు రంధ్రంలోంచి కారేదాకా కొత్త ఆయిలు పోశాను. ఇడ్లీ గిన్నె సంగతి మీరు ఫోన్‌లో ఎత్తకండి.

దసరా సెలవులకి రండి. ఈలోగా మీ వీధిలో లారీ ఆగి ఉంటే దూరంగా నిలబడి, వంగి దాని వెనక ఇరుసు చూడండి. బిందె కనిపిస్తుంది. ఇక్కడికొచ్చాక మీ నాన్నా నేనూ జీపుని దిమ్మలెక్కించి, హ్యాండ్ బ్రేకు తీసి న్యూట్రల్‌లో పెడతాం. అమ్ములు ఎడమ చక్రం దగ్గర, చిన్నా కుడి చక్రం దగ్గర. రెండు టైర్ల మీదా షాఫ్టు మీదా సుద్దతో గీత గీస్తాం. ఇద్దరూ ఒకే లెక్కన ముందుకి తిప్పండి, షాఫ్టు చుట్లు మీ నాన్న లెక్కపెడతాడు. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి షాఫ్టు ఐదు దాటుతుంది, ఆరు రాదు. ఆ మిగిలిన ముక్క ఎంతో మీరు చెప్పాలి. తర్వాత చిన్నా తన చక్రాన్ని కదలకుండా పట్టుకుంటాడు, అమ్ములు ఒక్కతే తిప్పుతుంది. అప్పుడేమవుతుందో నేను చెప్పను.

సుద్దముక్కలు మీరే తెచ్చుకోండి. నా దగ్గరున్నవి నాయనమ్మ ముగ్గుకి తీసుకుంది.

మీ తాతయ్య