నడుములో అతుక్కుపోయే నరాలు

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీల నుంచి నాట్లేసే ఆడవాళ్ల దాకా మన దిక్కు నడుము నొప్పి లేనివాళ్లు తక్కువ. చాలామందికి కండరం పట్టేయడమో, డిస్కు జారడమో కారణం. కానీ కొందరికి డిస్కు ఆపరేషన్ బాగానే అయిందని చెప్పినా రెండు కాళ్లూ మండుతూనే ఉంటాయి. కరెంటు షాక్ కొట్టినట్టు గుంజుతాయి, చర్మం మీద పురుగులు పాకుతున్నట్టు ఉంటుంది, కాసేపు కూర్చుంటే నొప్పి ఎక్కువవుతుంది. ఇంట్లోవాళ్లు 'ఇదంతా నీ మనసులోదే' అనేస్తారు. అలా అనడం అన్యాయం. వాళ్లలో కొందరికి ఉన్నది అరక్నాయిడైటిస్ అనే జబ్బు.

వెన్నుపాము చుట్టూ మూడు పొరలుంటాయి. నడిమి పొర అరక్నాయిడ్. దాని లోపల తేటనీరులాంటి ద్రవం ఉంటుంది. వెన్నుపాము నడుము పైభాగంలో, ఒకటో రెండో నడుము వెన్నుపూస దగ్గరే ముగుస్తుంది. అక్కడి నుంచి కిందికి కాళ్లకు, మూత్రాశయానికి వెళ్లే నరాల వేళ్లు ఆ ద్రవంలో దేనికది విడిగా తేలుతూ ఉంటాయి. మనం వంగి లేచినప్పుడల్లా అటూ ఇటూ జరుగుతాయి. ఆ పొరకు వాపు వస్తే నరాల మీద జిగురులాంటి ఫైబ్రిన్ పేరుకుంటుంది. వాపు తగ్గకపోతే అదే గట్టి మచ్చ కణజాలంగా మారుతుంది. వండిన సేమియా ఆరి ముద్దకట్టినట్టు నరాలన్నీ ఒకదానికొకటి అంటుకుపోతాయి.

ఎంఆర్ఐలో ఇది కనిపిస్తుంది, చూడాల్సిన చోట చూస్తే. వెల్లకిలా పడుకున్న మనిషి నడుమును అడ్డంగా కోసినట్టు తీసిన చిత్రంలో, మామూలుగా నరాలు తెల్లటి ద్రవంలో వెనకవైపుకు వాలిన చిన్న చిన్న నల్ల చుక్కల్లా ఉంటాయి. జబ్బు ఉంటే ఆ చుక్కలు కలిసి ముద్దవుతాయి. లేదంటే అంచులకు అతుక్కుపోయి, నరాలూ ద్రవమూ ఉండే తిత్తి ఖాళీగా ఉన్నట్టు కనబడుతుంది. రిపోర్టులో డిస్కుల సంగతి ఒక్కటే రాసుంటే, నరాలెలా ఉన్నాయని డాక్టరును అడగడం రోగి హక్కు.

కారణాల్లో మన దేశంలో ముఖ్యమైనది టీబీ. మెదడు పొరలకు సోకిన టీబీ వెన్ను పొరల్లోకి దిగుతుంది, ఒక్కోసారి మందులు మొదలుపెట్టాక కూడా. అందుకే టీబీ మందులు వాడుతుండగా కాళ్లు బలహీనపడితే వెంటనే చెప్పాలి. వెన్ను ఆపరేషన్లు, లోపల రక్తస్రావం, ఇన్ఫెక్షన్లు మరికొన్ని కారణాలు. 1940ల నుంచి 1980ల దాకా వెన్ను ఎక్స్‌రేల కోసం నూనెతో చేసిన అయోడిన్ రంగుమందును నరాల చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించేవారు. అది ఏళ్ల తరబడి లోపలే ఉండిపోయి ఎందరినో ఈ జబ్బుపాలు చేసింది.

ఇక సిజేరియన్ అప్పుడు మత్తు కోసం వెన్నులో ఇచ్చే సూది సంగతి. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే. తర్వాత వచ్చే ప్రతి నడుము నొప్పినీ 'ఆ వెన్ను సూది వల్లే' అనుకునే తల్లులు ఊరూరా ఉన్నారు. సూది గుచ్చేది వెన్నుపాము ముగిసిన చోటికి కింద. దానివల్ల ఈ జబ్బు రావడం చాలా అరుదు. ఆ తల్లులు ఈ విషయంలో భయపడొద్దు.

అతుక్కున్న నరాలను పూర్తిగా విడదీసే మందు ఇప్పటికైతే లేదు. కోసి విడదీసినా మళ్లీ మచ్చకట్టే ప్రమాదం ఉంది. గబపెంటిన్, ప్రిగాబలిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మందులు, మెల్లగా పెంచుకుంటూ పోయే ఫిజియోథెరపీ నొప్పిని కొంత అదుపులో పెడతాయి. కొందరికి సన్నటి కరెంటుతో నొప్పిని తగ్గించేందుకు వెన్నులో అమర్చే స్టిమ్యులేటర్ అనే పరికరం పనిచేస్తుంది. మూత్రం ఆగిపోయినా, తెలియకుండానే కారిపోతున్నా, కూర్చునే చోట స్పర్శ పోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే పెద్ద దవాఖానకు పోవాలి.